పెదవుల మీద ఎండ

అత్త మంచి, వేము తీపి ఎక్కడా ఉండవంటారు. మా అత్తయ్య నిజంగానే మంచిది. కాకపోతే ఆమె వంటలో కారం ఉండేది కాదు. పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన మొదటి రోజు కూర నోట్లో పెట్టుకుని, పెళ్లి హడావుడిలో కారం వెయ్యడం మరిచిపోయారు కాబోలనుకున్నాను. రెండో రోజూ మరిచిపోయారు. మూడో రోజు కూడా మరిచిపోయేసరికి ఇది మతిమరుపు కాదని తెలిసిపోయింది.

కారణం మా మామయ్య పెదవులు.

ఆయన ఊరి బ్యాండులో ట్రంపెట్ ఊదేవారు. కొత్త షాపు తెరిచినా, స్కూల్లో పిల్లలకి బహుమతులిచ్చినా, పెళ్లి జరిగినా, ఎవరైనా కన్నుమూసినా ఆ బ్యాండే వెళ్లేది. ట్రంపెట్ ఊదేవాడికి పెదవులే ప్రాణం. కారం తగిలితే మండి ఉబ్బుతాయి, ఉబ్బితే స్వరం పలకదు. అందుకని ఇంటిల్లిపాదికీ చప్పిడి తిండే. టీ చల్లారాక తాగేవారు. చలిగాలిలో మూతికి గుడ్డ చుట్టుకుని తిరిగేవారు. రోజూ బయటికెళ్లే ముందూ, పడుకోబోయే ముందూ అత్తయ్య చిన్న రేకు డబ్బా మూత తీసి, తేనెమైనంలో నూనె కలిపి తను కాచిన లేపనం ఆయన పెదవులకు రాసేది. ఆయన బుద్ధిమంతుడిలా మూతి ముందుకు పెట్టి కూర్చునేవారు. కొత్తలో అది చూసి నేను వంటింట్లోకి పరిగెత్తి, నోరు నొక్కుకుని నవ్వుకునేదాన్ని.

మామయ్యకి కోపం వచ్చేది కాదు. "ఉప్పూ కారం తినే మనిషైతే కదా కోపం రావడానికి," అని మా ఆయనతో అనేదాన్ని. మా ఆయన అదే బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయించేవారు. పెదవులతో పనిలేని వాయిద్యం ఎంచుకుని కూడా చప్పిడి కూడు తింటూ పెరిగిన అమాయకుడు. నా వల్ల కాలేదు. పుట్టింటి నుంచి కారప్పొడి డబ్బా ఒకటి తెచ్చుకుని, వంటింటి అటక మీద పాత గిన్నెల వెనక దాచుకున్నాను. ఎవరూ చూడకుండా ఇంత కలుపుకుని గబగబా తినేసేదాన్ని. దొంగతిండి రుచే వేరు.

ఆ ఏడాది వేసవిలో మా ఇంటికి రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి.

ఒకటి పళ్ల డాక్టరు చెప్పింది. మామయ్యకి తోడుగా ఆ రోజు నేనే వెళ్లాను. డాక్టరు ఆయన ముందు పళ్లను వేలితో కదిపి చూసి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"పైవి రెండూ పట్టు తప్పాయండీ. చిగుళ్లు వదిలేశాయి. ఇప్పుడే తీసేస్తే మంచిది."

"కట్టుడు పళ్లు పెట్టుకుని ట్రంపెట్ ఊదొచ్చా?" అనడిగారు మామయ్య.

"తినొచ్చు, నవ్వొచ్చు. అంత గట్టిగా నొక్కిపెట్టి ఊదితే మాత్రం నిలబడవు."

మామయ్య నెమ్మదిగా, "అయితే వేసవి పోయాక వస్తాను. ఒక్క పాట ఊదాల్సింది ఉంది," అన్నారు.

"అప్పటిదాకా ఆగుతాయని నేను మాటివ్వలేను."

"మిమ్మల్నడగట్లేదు లెండి, వీటినే అడుగుతున్నా," అని తన పళ్లు చూపించి లేచారు. నేను నవ్వాను. గుమ్మం దాటాక ఆయన వేలితో ఆ రెండు పళ్లనీ మెల్లగా తడిమి చూసుకోవడం గమనించి, నవ్వినందుకు సిగ్గేసింది.

రెండో కబురు, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి రెండు రోజుల ముందే, బ్యాండు మాస్టారు తెచ్చారు. దేశం దాటి, సముద్రం ఒడ్డున ఉన్న ఓ ఊళ్లో ఏటా వేసవిలో సంగీతోత్సవం జరుగుతుందట. ఎక్కడెక్కడి బ్యాండులూ వచ్చి ఒడ్డునే వేదిక మీద వాయిస్తాయట. ఈసారి మా వాళ్లకీ పిలుపు వచ్చింది. మాస్టారికి కాళ్లు నేల మీద లేవు.

"పెళ్లాం పిల్లలతో సహా రండర్రా. రెండు రోజులు ముందే వెళ్దాం. ఎండ కాచుకుందాం, సముద్రంలో మునుగుదాం, చివర్న వాయించి వచ్చేద్దాం. ఒకే దెబ్బకి రెండు పిట్టలు," అన్నారాయన మా వరండాలో కూర్చుని. ఆ తర్వాత గొంతు తగ్గించి మామయ్యతో, "ఈసారి మీ పాటే వాయిద్దాం. మధ్యలో మీరొక్కరే ఊదాలి," అన్నారు.

మామయ్యకి సొంత పాట ఒకటుండేది. జీవితమంతా పెళ్లికొడుకుల పాటలూ చనిపోయినవాళ్ల పాటలూ ఊదిన మనిషి, ట్రంపెట్ వెడల్పాటి మూతిని గుడ్డతో మూసి, సామాన్ల గదిలో తలుపేసుకుని తనకోసం కట్టుకున్న పాట. కాగితం మీద రాయలేదు. బ్యాండులో ఆయన పక్కనే ట్రంపెట్ ఊదే శిష్యుడు విని నేర్చుకున్నాడు. బేకరీలో పనిచేసే ఆ శిష్యుణ్ని అందరూ ఈల అనేవారు. రొట్టెలు కాలుస్తూ ఈల వేస్తాడని ఆ పేరు. పాటంతా ఈలకి వచ్చు, చివరి మెలిక తప్ప. అది ఎవరికీ రాదు. "అది ఆ సముద్రం ఒడ్డున ఊదుతాను. అక్కడ ఎటు పోతే అటు పోనిస్తాను," అనేవారు మామయ్య.

అలా ఆ పళ్లూ, ఆ పాటా ఒకదానికొకటి ముడిపడ్డాయి. అత్తయ్య వంటలో కొత్త మార్పు వచ్చింది. చప్పిడికి తోడు మెత్తదనం. "ఇంక కూర నమలక్కర్లేదు, తాగితే చాలు," అని గొణిగాను. అత్తయ్య వినిపించుకోలేదు. ఆమె ధ్యాసంతా ఆ రెండు పళ్ల మీదే. ఆయన దగ్గితే ఉలిక్కిపడేది.

ఆమెకి ఒక సంబరం కూడా ఉంది. ఆమె సముద్రం చూడలేదు. పెళ్లయిన కొత్తలో మామయ్య చూపిస్తానన్నారట. వేసవి వస్తే పెళ్లిళ్లు, పెళ్లిళ్లొస్తే బ్యాండు. సముద్రం అలా వాయిదా పడుతూనే వచ్చింది.

రైలు దిగి ఆ ఊళ్లో నడుస్తుంటే వీధి వీధికీ ఒక వాయిద్యం వినిపించింది. సైకిళ్లు బాగుచేసే షాపు మీద మాకు గదులిచ్చారు. మెట్లన్నీ గ్రీజు వాసన. వాళ్ల భాష మాకు ఒక్క ముక్క రాదు, అయినా మాస్టారు తెలుగులోనే గట్టిగా మాట్లాడితే అర్థమవుతుందనుకునేవారు. కిటికీ తెరిస్తే ఇళ్ల మధ్య సందులోంచి నీలంగా కాస్త సముద్రం. అత్తయ్య ఆ కాస్తనే చాలాసేపు చూసింది.

ఉత్సవంలో మా వంతు మర్నాడు కాక ఆ మరుసటి రోజు. మర్నాడంతా సెలవు. పొద్దున్నే అత్తయ్య హడావుడి పడిపోయి, తువ్వాళ్లు సర్దింది, రొట్టెలు సర్దింది, నీళ్లు సర్దింది. లేపనం డబ్బా మాత్రం కిటికీ గట్టు మీద వదిలేసింది. అది మాకు తర్వాత గానీ తెలియలేదు.

ఒడ్డుకి వెళ్లాక ఆమె ఇసకలో దూరంగా ఆగిపోయింది. చెప్పులు చేతిలో పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడింది.

"ఇన్ని నీళ్లు పెట్టుకుని, ఆ గదిలో కొళాయి తిప్పితే వేలెడు ధార రాదేమిటే?" అంది నాతో.

"రండత్తయ్యా, దిగుదాం."

"నేను రాను బాబూ. అది చూడు, ఎలా మీదకొస్తోందో."

మామయ్య బూట్లు విప్పి, పంట్లాము మడిచి, ఆమె చెయ్యి పట్టుకున్నారు. "నేనున్నాగా, రావే," అన్నారు. పిల్లి నీళ్లలో కాలు పెట్టినట్టు పెట్టింది అత్తయ్య. మొదటి అలకి కేకేసింది. రెండో అలకి ఆయన్ని గట్టిగా పట్టుకుంది. మూడో అల మోకాళ్ల దాకా వచ్చి వెనక్కి పోతుంటే, కాళ్ల కింద ఇసక జారిపోయి కితకితలు పెట్టినట్టుంది, నవ్వింది. మా అత్తయ్య అలా నవ్వగలదని నాకు తెలియదు. ఒళ్లంతా కదిలిపోతూ, ముక్కు ఎగబీలుస్తూ, పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వింది.

నేను గొడుగు కింద కూర్చున్నాను. మా ఆయన అప్పటికే గురక పెడుతున్నారు. గాలి చల్లగా ఉంది. ఆ చల్లదనమే మమ్మల్ని ముంచింది. మా ఊళ్లో ఎండ అంటే ఒళ్లు మండి చెబుతుంది. ఇక్కడ గాలి జోకొడుతుంటే ఎండ తన పని తాను చేసుకుపోయింది. అత్తయ్య మొహం ఎర్రబడిందని మామయ్య తన టోపీ తీసి ఆమె తలకి పెట్టారు. రెండు చేతులతోనూ ఆమె రెండు చేతులు పట్టుకుని, ఆమె భయపడకుండా తను సముద్రం వైపు మొహం పెట్టి, ఏ అల పెద్దదో ముందే చెబుతూ నిలబడ్డారు. పైనుంచి ఎండ, కింద నీళ్ల మీద నుంచి ఎండ, మూతి మీద ఉప్పునీళ్లు.

"భోజనానికి రండి!" అని కేకేశాను.

"ఇంకొంచెం సేపు!" అంది అత్తయ్య.

మామయ్య నా వైపు చూశారు. పెదవులు ఒకసారి లోపలికి మడుచుకున్నారు. తర్వాత తల అటు తిప్పి, "అదిగో, పెద్దది వస్తోంది, గట్టిగా పట్టుకో," అన్నారు ఆమెతో.

మళ్లీ పిలిచాను. మళ్లీ ఇంకొంచెం సేపు. నీడలు బారెడు సాగాక గానీ వాళ్లు ఒడ్డుకి రాలేదు.

మర్నాడు పొద్దున మా గది తలుపు తట్టింది అత్తయ్య. నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. మామయ్య మంచం మీద కూర్చుని ఉన్నారు. కింది పెదవి వాచి వేలాడుతోంది. పై పెదవి నిండా నీటి పొక్కులు. ట్రంపెట్ మూతి దగ్గర తొడిగే చిన్న ముక్కని విడిగా తీసి, దానితో ఊదడానికి ప్రయత్నిస్తున్నారు. గాలే వస్తోంది. ఒక పొక్కు పగిలింది. ఆ ముక్కని జేబురుమాలుతో శుభ్రంగా తుడిచి పక్కన పెట్టారు.

"నేను మరిచిపోయాను," అంది అత్తయ్య. కిటికీ గట్టు మీద రేకు డబ్బా అలాగే ఉంది. "పెళ్లయిన దగ్గర్నుంచి ఒక్కరోజు మరవలేదు. ఒక్కరోజు. నిన్ననే మరిచిపోయాను."

"నువ్వు రాసినా ఆగేది కాదే. గాలికి వచ్చింది," అన్నారాయన. వాచిన పెదవులతో మాట సరిగ్గా పలకలేదు.

"గాలికి పొక్కులొస్తాయా? నాకు తెలియదనుకున్నారా?"

మాస్టారు వచ్చి చూసి, డ్రమ్ము తాళ్లు బిగించమని మా ఆయన మీద అరిచి వెళ్లిపోయారు. ఈల వచ్చాడు. పెళ్లీడు దాటుతున్న మనిషి, తలుపు దగ్గర గోడకి అతుక్కుపోయి నిలబడ్డాడు.

"నా వల్ల కాదు గురువుగారూ. అది మీ పాట."

"పాటకి మనిషి పేరు రాసుండదురా. నువ్వే ఊదు."

"చివరి మెలిక రాదు కదా. కూనిరాగంగా అయినా తీసి చెప్పండి."

మామయ్య తన ట్రంపెట్ ఒళ్లోకి తీసుకున్నారు. "నాకూ తెలియదురా. అక్కడ ఊదుతుంటే తెలుస్తుందనుకున్నాను," అన్నారు. "వచ్చినంత వరకు ఊది ఆపెయ్. అక్కడ ఆగినా ఎవరికీ తెలియదు." తన ట్రంపెట్‌నే తీసి వాడి చేతుల్లో పెట్టారు.

ఈల కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయాడు. అత్తయ్య మొహం కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి వెళ్లింది. గదిలో మేమిద్దరమే మిగిలాం. నాకు ఉండబట్టలేదు.

"మీకు మంట తెలియలేదా మామయ్యా?"

"తెలిసింది. నువ్వు మొదటిసారి భోజనానికి పిలిచినప్పుడే."

"మరి వచ్చెయ్యొచ్చుగా? ఈ ఒక్క పాట కోసమే కదా ఆ పళ్లు పట్టుకుని కూర్చున్నది!"

ఆయన కొళాయి చప్పుడు వింటూ, గొంతు తగ్గించారు. "నేను చెయ్యి వదిలితే తను బయటికొచ్చేస్తుంది. మళ్లీ దిగదు. ఇన్నేళ్లలో ఇంకొంచెం సేపు అని తను ఏదీ అడిగి ఎరగదమ్మా. అంతలా నవ్వుతోంది కదా." తలుపు వైపు చూసి, "ఈ మాట తనకి చెప్పకు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు," అన్నారు.

చెప్పకపోతే ఆమె తన మతిమరుపు వల్లే ఇలా అయిందని కుమిలిపోతుంది. చెబితే తన నవ్వు వల్లే అయిందని కుమిలిపోతుంది. ఎటు చూసినా ఆమెకి ఏడుపే. నేను తలూపాను.

సాయంకాలం వేదిక దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. చెక్కల వేదిక, వెనక సముద్రం, దాని మీద దిగుతున్న ఎండ. మామయ్య కోటు వేసుకుని వచ్చారు, కానీ పైకెక్కలేదు. అత్తయ్యకీ నాకూ మధ్య కుర్చీలో కూర్చున్నారు. బ్యాండులో ఆయన కుర్చీని మాస్టారు తీయించలేదు. దాని మీద మామయ్య టోపీ పెట్టారు.

పాట మొదలైంది. మా ఆయన డ్రమ్ము అంత మెత్తగా వాయించడం నేనెప్పుడూ వినలేదు. అందరూ ఆగాక ఈల లేచాడు. మొదటి స్వరం కాస్త వణికింది, తర్వాత కుదురుకున్నాడు. మూసిన తలుపు వెనక నుంచి ముక్కలు ముక్కలుగా విన్న పాటని నేను మొదటిసారి పూర్తిగా విన్నాను. పెద్ద పాటేం కాదు. పనంతా అయ్యాక ఇంటికొచ్చే మనిషి నడకలా ఉంది. ఆ పరాయి జనం కూడా మాటలాపేశారు.

నేను మామయ్య చేతి వైపు చూశాను. కుడిచేతి మూడు వేళ్లు మోకాలి మీద మీటలు నొక్కుతున్నట్టు కదులుతున్నాయి. ఈల ఊదే ప్రతి స్వరానికీ ఒక కదలిక. తనకి వచ్చినంత వరకు ఊది, ఈల నెమ్మదిగా గాలి తగ్గించి, ట్రంపెట్ కిందికి దించాడు. జనం లేచి చప్పట్లు కొట్టారు. మాస్టారు ఏడుస్తూ వంగి దండం పెట్టారు.

మామయ్య వేళ్లు ఆగలేదు.

కళ్లు మూసుకున్నారు. చప్పట్ల మధ్య ఆ మూడు వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి, ఆగి ఆగి, ఒకసారి వేగంగా, మళ్లీ తీరిగ్గా నడిచాయి. ఆ మెలిక ఆయనకి అప్పుడు దొరికింది. అత్తయ్య కూడా చూసింది. మెల్లగా తన చెయ్యి ఆయన చేతి మీద పెట్టబోయి, అడ్డమవుతుందని వెనక్కి తీసుకుంది. చివరికి ఒక వేలు చాలాసేపు నొక్కిపెట్టి ఉంచి, వదిలేశారు. అప్పుడు కళ్లు తెరిచి, తనూ చప్పట్లు కొట్టారు. ఆ వేళ్లు ఏం ఊదాయో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇంటికొచ్చాక పళ్లు తీయించుకున్నారు. వానలు పడే వేళకి కట్టుడు పళ్లు వచ్చాయి. ట్రంపెట్ ఈల దగ్గరే ఉండిపోయింది. సామాన్ల గది తలుపు అప్పట్నుంచి ఎప్పుడూ తెరిచే ఉండేది. ఇల్లు ఎంత నిశ్శబ్దమైపోయిందంటే, ఆ మూసిన తలుపు వెనక నుంచి వచ్చే చప్పుడు మీద నేనెన్నిసార్లు విసుక్కున్నానో తలుచుకుని ఆ గది గుమ్మం దగ్గరే ఆగిపోయేదాన్ని. అత్తయ్య మాత్రం ఏమీ జరగనట్టే చప్పిడి వంటలు చేసేది. పడుకోబోయే ముందు లేపనం డబ్బా తెచ్చేది. ఆయన మూతి ముందుకు పెట్టేవారు. నాకు నవ్వు రావడం ఎప్పుడో ఆగిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం, బయట వాన, నలుగురం భోజనానికి కూర్చున్నాం. మామయ్య కూర కలుపుకుంటూ ఆగి, "అమ్మాయ్, అటక మీద పాత గిన్నెల వెనక నీ డబ్బా ఉంటుంది. అదిలా పట్రా," అన్నారు.

నాకు ముద్ద గొంతులో అడ్డం పడింది. మా ఆయన తెల్లమొహం వేసుకుని చూశారు.

"పెదవులే సుకుమారంగానీ, ముక్కు బాగానే పనిచేస్తుందమ్మా," అన్నారు మామయ్య.

డబ్బా తెచ్చాను. గరిటె పట్టుకున్న అత్తయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఎందుకండీ? మండుతాయి."

"మండనీవే. ఇంక వీటిని దేనికోసం దాచుకోవాలి?"

గరిటె కింద పెట్టేసింది అత్తయ్య. సముద్రం దగ్గర ఏడవని మనిషి, పళ్లు తీసిన రోజున ఏడవని మనిషి, కంచం ముందు కూర్చుని భోరుమని ఏడ్చింది. "నేను మరిచిపోకపోయుంటే..." అని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేకపోయింది. అసలు సంగతి నా నోటిదాకా వచ్చింది. మామయ్య నా వైపు ఒక్క చూపు చూశారు. మింగేశాను.

ఆయన చిటికెడు కారం చల్లుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నారు. పెట్టుకోగానే దగ్గు. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు. "ఎలా తింటారర్రా దీన్ని!" అన్నారు. మా ఆయన నీళ్ల గ్లాసు అందించారు.

అత్తయ్య కళ్లు తుడుచుకుంది. డబ్బా తన వైపు లాక్కుంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, ఎప్పటి వాసనో పట్టుకున్నట్టు ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత నేను కూడా ధైర్యం చెయ్యనంత కారం కంచంలో వేసుకుని, కలుపుకుని, ముద్ద పెట్టుకుంది. దగ్గలేదు. కన్ను చెమర్చలేదు. నిన్నటిదాకా రోజూ తిన్నదానిలా నమిలి మింగింది.

"మా పుట్టింట్లో ఇంతకి రెండింతలు వేసేవాళ్లు," అంది. "మీరొచ్చినప్పుడు మా అమ్మ మీకు విడిగా వండేది."

మామయ్య చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"చెబితే మీరు ఊదడం మానేసేవాళ్లు," అంది అత్తయ్య, రెండో ముద్ద కలుపుకుంటూ.

ఆయన తన కంచం ఆమె ముందుకి జరిపారు.

"ఇంకొంచెం వెయ్యవే," అన్నారు.